సవరణ: 14416 మిగిలినవాళ్లకు కూడా

ఆత్మహత్యతో మనిషిని పోగొట్టుకున్న ఇళ్ల గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

14416 హెల్ప్‌లైన్ చనిపోవాలనిపిస్తున్నవాళ్ల కోసమే, మనలాంటివాళ్లకు కాదు అన్నాను. కాదు. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ) నంబరుకు దుఃఖంలో ఉన్న ఎవరైనా చేయొచ్చు. ఖర్చు లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ తప్పు పట్టుకున్నది పరకాల దగ్గర ఉండే మా వదిన. అన్న పోయి ఏడాదిన్నర. ఆయన చెప్పులు ఇంకా గడప పక్కనే ఉన్నాయి. వాటిని తీసెయ్యమని చెప్పేవాళ్లే గానీ అన్న పేరెత్తేవాళ్లు లేరు. (నేనూ ఎత్తలేదు.) ఒక రాత్రి నిద్రపట్టక ఆ నంబరుకు చేసిందట. "ఆయన ఎట్లాంటి మనిషని ఫోనెత్తినామె అడిగింది తమ్మీ, గంట సేపు చెప్పిన" అంది.

రెండోది రైతుబీమా, తెలంగాణ ప్రభుత్వం రైతులకు చేసే జీవిత బీమా. ఆత్మహత్య అయితే రాదని రాశాను, ఎవరో అన్నది నమ్మి. 2018లో పథకం పెట్టినప్పుడే కారణం ఏదైనా వర్తిస్తుందన్నారు. పేరు నమోదై ఉన్న 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు పోతే నామినీకి 5 లక్షలు. పట్టా లేని కౌలురైతుకు మాత్రం ఇది లేదు, ఆ అన్యాయం మీద వేరేగా రాస్తాను. నా మాట విని ఊరుకున్నవాళ్లుంటే మీ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) వెంటనే కలవండి.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ తీసేశాను.