తేడా డబ్బుల దారి తెరవొద్దు

ఆరోగ్యశ్రీ కార్డుతో గుండె ఆపరేషన్‌కు వచ్చినవాళ్లను పక్కకు పిలిచి, ‘‘కార్డులో వచ్చేది మామూలు స్టెంటే, మంచిది కావాలంటే తేడా కట్టండి’’ అనడం రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త కాదు. అది నిబంధనలకు విరుద్ధం. పథకం కింద చేర్చుకున్న రోగి దగ్గర ప్యాకేజీలోని చికిత్సకు రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ తప్పుకే ఇప్పుడు ‘ఐచ్ఛిక టాప్‌అప్’ అని పేరుపెట్టి, దర్జాగా అనుమతించాలనే వాదన వినిపిస్తోంది. దీన్ని మేం పూర్తిగా వ్యతిరేకిస్తున్నాం.

స్తోమత ఉన్నవాళ్లు సొంత డబ్బు పెట్టుకుంటే తప్పేమిటని, ఒక్కో చికిత్సకు ప్రభుత్వం ఇచ్చే ప్యాకేజీ రేట్లు ఆసుపత్రులకు గిట్టడం లేదని కొందరంటున్నారు. రేట్ల సంగతి ప్రభుత్వంతో తేల్చుకోవాలి, రోగి దగ్గర కాదు.

అసలు ఇందులో ఐచ్ఛికం ఎక్కడుంది? తండ్రి లోపల ఐసీయూలో ఉంటే, బయట కూర్చున్న కొడుకు ‘‘మామూలుది చాలు’’ అనగలడా? తల్లి మెడలో పుస్తెలు తాకట్టు పెట్టయినా, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చయినా కడతాడు. 2007లో కరవు, వలసల జిల్లాలైన మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళంలో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిందే ఆ అప్పులు తప్పించడానికి. ఏ స్టెంట్ మంచిదో రోగికి తెలియదు. చెప్పేదీ అమ్మేదీ ఆసుపత్రే. 2017లో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టింది కూడా వాటి మీద ఆసుపత్రులు విపరీతంగా లాభాలు వేసుకుంటున్నాయని తేలాకే.

బ్రిటన్‌లో 2008లో ఇలాంటి అదనపు చెల్లింపులకు అనుమతిచ్చారు. అయితే డబ్బు కట్టి చేయించుకునే వైద్యం ప్రభుత్వ వైద్యంతో కలవకుండా విడిగా జరగాలని షరతు పెట్టారు. పథకంలో చేరిన మన నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో డాక్టరూ ఒకరే, థియేటరూ ఒకటే, బిల్లు కౌంటరూ ఒకటే. అక్కడ ఏది ఎలా విడిగా ఉంటుంది?

ఉచిత వైద్యం నాసిగా ఉంటేనే తేడా అమ్ముడవుతుంది. మా భయమంతా అదే. ఈరోజు గది అంటారు, రేపు స్టెంట్ అంటారు, ఎల్లుండి ఆపరేషన్ తేదీ ముందుకు జరపడానికీ ఒక రేటు పెడతారు. ‘మిగతాది వాళ్లే కట్టుకుంటారులే’ అని ప్రభుత్వాలు ప్యాకేజీ రేట్లు సవరించడం మానేస్తాయి. కట్టలేనివాడికి జనరల్ వార్డులో మిగిలేది ఏమిటి?

2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. 2025లో బకాయిలు చెల్లించలేదని రెండు చోట్లా నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. 25 లక్షల కార్డు చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగిన రోగికి ఏం సమాధానం చెబుతారు?

ముందు ఆ బకాయిలు కట్టండి. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం రోగులకు సాయం చేయడానికి ఆరోగ్యమిత్రను పెట్టారు కదా, ఆ బల్లకు పదడుగుల దూరంలోనే వసూళ్లు జరుగుతుంటే ఏం చేస్తున్నారు? తీసుకున్న ప్రతి రూపాయీ రోగికి తిరిగి ఇప్పించండి. రెండోసారి దొరికిన ఆసుపత్రిని జాబితాలోంచి తీసేయండి. ఇది చేతగాక, ఆ వసూళ్లకే జీవో ఇస్తామంటే ఒప్పుకునేది లేదు.