చప్పగా ముగిసిన గేము కాదిది

ఇద్దరు క్లబ్బు స్థాయి చదరంగం ఆటగాళ్ల టోర్నమెంటు గేమును మీ పత్రికలో అంత వివరంగా రాసి, ‘చివరికి చప్పగా డ్రా అయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. అసలు ఆటంతా ఆ చివర్లోనే ఉంది! రాజులు కాక, తెల్లపావుల ఆటగాడికి మిగిలింది ఏనుగు (రూక్), మధ్యలో ఒక బంటు. నల్లపావుల వైపు ఉత్త ఏనుగు. నల్ల రాజు బంటుకు ఎదురుగా చివరి వరుసలో నిలబడ్డాడు. ఏనుగేమో తన వైపు నుంచి మూడో వరుసను వదలకుండా కాపు కాసి, తెల్ల రాజును అడుగు ముందుకు వేయనివ్వలేదు. గత్యంతరం లేక బంటును ఆ వరుసలోకి తోయగానే, అదే ఏనుగు బోర్డు అవతలి అంచుకు వెళ్లి వెనుక నుంచి చెక్ మీద చెక్ చెప్పింది. బంటు ముందుకు జరిగిపోయాక తెల్ల రాజు తలదాచుకోవడానికి చోటెక్కడిది?

ఫ్రెంచి చదరంగ దిగ్గజం ఫిలిడోర్ 1777లోనే విశ్లేషించిన రక్షణ ఇది. పుస్తకంలో చదవడం వేరు, గడియారం తరుముతుంటే పాటించడం వేరు. ఆ ఒత్తిడిలో చాలామంది భయపడి ఏనుగును చివరి వరుసకు లాక్కుంటారు, ఓడిపోతారు. ఈ నల్లపావుల ఆటగాడు చలించలేదు. బంటు ఎక్కువగా ఉన్నప్పుడు ఆఖరిదాకా ప్రయత్నించిన ప్రత్యర్థినీ మెచ్చుకోవాలి. దయచేసి ఆ చివరి ఎత్తులన్నీ బొమ్మలతో సహా మళ్లీ ప్రచురించండి, నేర్చుకునే పిల్లలకు పనికొస్తాయి.