‘ఎనీ ఓపెనింగ్స్ సర్?’ అంటే రిక్రూటర్ ఎందుకు పలకడు

జాబ్ వెతుక్కుంటున్న పిల్లల ఫోన్ తీసి చూడండి, లింక్డిన్‌లో అయినా వాట్సాప్‌లో అయినా ఒకటే మెసేజ్ పదిమందికి వెళ్ళి ఉంటుంది. "హాయ్ సర్, ఎనీ ఓపెనింగ్స్ ప్లీజ్", కింద రెజ్యూమే, వారం తర్వాత "ఎనీ అప్‌డేట్ సర్?". అవతల బ్లూ టిక్కులు పడతాయి అంతే. దాంతో కొందరు రిక్రూటర్లకి పొగరు అని తిట్టుకుంటారు, ఎక్కువమంది మాత్రం నాలోనే ఏదో తక్కువుంది అని లోలోపల కుమిలిపోతారు, నాకు బాధనిపించేది ఈ రెండోవాళ్ళ గురించే. ఎందుకంటే చాలాసార్లు లోపం వాళ్ళ చదువులో ఉండదు. రిక్రూటర్‌కి డబ్బులు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అన్నది కాలేజీలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆప్టిట్యూడ్ చెప్తారు, గ్రూప్ డిస్కషన్ చెప్తారు, ఇది చెప్పరు.

పెళ్ళిళ్ళ పేరయ్యకి రెండు వైపులా ముడుతుంది, రిక్రూటర్‌కి అలా కాదు, ఇచ్చేది కంపెనీ ఒక్కటే. బయటి కన్సల్టెన్సీ అయితే మన దగ్గర ఎక్కువగా వినపడే రేటు ఏడాది సీటీసీలో (కంపెనీ ఆ మనిషి మీద పెట్టే మొత్తం జీతం ఖర్చు) 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అదైనా మనిషి జాయినై కొన్ని నెలలు నిలబడితేనే, మధ్యలో మానేస్తే బదులు ఇంకొకర్ని తెచ్చిపెట్టాలి. కంపెనీలోనే ఉండే హెచ్ఆర్ అయితే కమీషన్ ఉండదు గానీ ఈ నెల ఇన్ని పొజిషన్లు క్లోజ్ చెయ్యాలని టార్గెట్ మెడ మీద ఉంటుంది. అంటే పొద్దున్న సిస్టమ్ తెరిచేసరికి అతని ముందు ఒక రిక్వైర్‌మెంట్ ఉంటుంది, దానికి సరిపోయే మనిషిని సాయంత్రంలోపు మేనేజర్‌కి చూపించాలి. మనకి ఉద్యోగం వెతికిపెట్టడం అతని పనిలో లేనే లేదు.

అతని స్క్రీన్ ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. నౌకరీ అనే జాబ్ సైట్‌లో రిక్రూటర్లు డబ్బు కట్టి వాడుకునే డేటాబేస్‌ని రెస్‌డెక్స్ అంటారు. అందులో జావా, స్ప్రింగ్ బూట్ అని కావాల్సిన స్కిల్స్ కొడతాడు, ఎక్స్‌పీరియన్స్ 3 నుంచి 5 ఏళ్ళు, హైదరాబాద్, జీతం ఇంతలోపు, రిజైన్ చేశాక ఇంకా పనిచెయ్యాల్సిన నోటీస్ పీరియడ్ ఇంతలోపు, ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్ళే అని ఫిల్టర్లు పెట్టేస్తాడు. ఆరు నెలల కింద ప్రొఫైల్ పెట్టి మళ్ళీ లాగిన్ కానివాళ్ళు, 90 రోజుల నోటీస్ అని రాసి ఊరుకున్నవాళ్ళు అక్కడే పోతారు, వాళ్ళ పేరు కూడా అతని కంటపడదు. నిజానికి అందులో రిజైన్ చేసేసి ఇంకో ఇరవై రోజుల్లో రిలీవ్ అయ్యేవాళ్ళూ ఉంటారు, కానీ లాస్ట్ వర్కింగ్ డే రాయరు!

అందుకే మెసేజ్ కూడా అతను వెతికే లెక్కలోనే ఉండాలి. "మీరు పెట్టిన జావా డెవలపర్ పోస్ట్ చూశాను. 4 ఏళ్ళ ఎక్స్‌పీరియన్స్, అందులో రెండేళ్ళు స్ప్రింగ్ బూట్, బ్యాంకింగ్ ప్రాజెక్ట్. హైదరాబాద్‌లోనే ఉంటున్నా, నోటీస్‌లో ఉన్నా, ఈ నెలాఖరుకి రిలీవ్ అవుతా." ఇంతే. ఇంట్లో కష్టాలు రాయక్కర్లేదు, సర్ సర్ అని బతిమాలక్కర్లేదు. మన పల్లెల నుంచి, చిన్న కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకి ఇంగ్లీష్ భయం ఒకటుంటుంది కదా, ఇలాంటి నాలుగు ముక్కలకి గొప్ప ఇంగ్లీష్ ఏమీ అవసరం లేదు.

ఇంకో పెద్ద దెబ్బ ఎక్కడంటే, ఫోన్ చేసిన ప్రతి కన్సల్టెన్సీకి సరే పంపండి అనెయ్యడం. ఒకే కంపెనీకి ఒకే రెజ్యూమే రెండు దారుల్లో వెళ్తే డూప్లికేట్ అని పడుతుంది, ఫీజు ఎవరికివ్వాలి అనే గొడవ ఎందుకులే అని కంపెనీ ఆ ప్రొఫైల్‌నే పక్కన పెట్టేస్తుంది. అమెరికాలో మన పిల్లల విషయంలో ఇది ఇంకా ఘోరం. ఎమ్మెస్ అయ్యాక అక్కడ పనిచెయ్యడానికి ఇచ్చే పర్మిషన్ ఓపీటీలో మొత్తం కలిపి 90 రోజులకి మించి ఖాళీగా ఉండకూడదు, ఆ కంగారులో రాత్రిళ్ళు హైదరాబాద్‌లో కూర్చుని బెంచ్ సేల్స్ చేసేవాళ్ళు, అంటే ఖాళీగా ఉన్నవాళ్ళ రెజ్యూమేలు అమెరికా కంపెనీలకి పంపేవాళ్ళు, నలుగురు ఫోన్ చేస్తే నలుగురికీ నా తరఫున రెజ్యూమే పంపొచ్చు అని రైట్ టు రిప్రజెంట్ మెయిల్ ఇచ్చేస్తారు, క్లయింట్ (ఆ ఉద్యోగం ఉన్న కంపెనీ) ఏమో డబుల్ సబ్మిషన్ అని మొత్తానికే తీసేస్తాడు. అక్కడైనా ఇక్కడైనా అడగాల్సింది ఒకటే, క్లయింట్ ఎవరు అని. పేరు చెప్పకపోతే రెజ్యూమే ఇవ్వొద్దు, ఎవరి ద్వారా ఎక్కడికి వెళ్ళిందో ఒక షీట్‌లో రాసి పెట్టుకోవాలి.

ఇక డబ్బులడిగేవాళ్ళ సంగతి. కంపెనీ దగ్గర ఫీజు తీసుకునేవాడికి మన దగ్గర రిజిస్ట్రేషన్ అని, బ్యాక్‌డోర్‌లో జాబ్ ఇప్పిస్తామని లక్షలు అడగాల్సిన అవసరమే లేదు, అడిగాడంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యాలి, ఇచ్చేసి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళ లెక్క వేరు, అక్కడ రిజిస్టర్డ్ ఏజెంట్ సర్వీస్ ఫీజు తీసుకోవచ్చు, కానీ దానికి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ అని పరిమితి ఉంది, ఏజెంట్ అసలువాడా కాదా అన్నది కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ఇదంతా చెప్పి తప్పు మొత్తం పిల్లల మీదే వెయ్యడం మాత్రం అన్యాయం. ఫ్రెషర్ మెసేజ్‌కి రిప్లై ఇవ్వకపోవడం వేరు, వందల్లో వస్తుంటాయి, అర్థం చేసుకోవచ్చు. మూడు రౌండ్లు ఇంటర్వ్యూ చేసి, పేస్లిప్పులు కూడా తీసుకుని, తర్వాత ఫోన్ ఎత్తకపోవడం వేరు. ఆ మనిషి ఉన్న ఉద్యోగంలో లీవ్ పెట్టుకుని వచ్చాడు, ఈ ఆఫర్ వస్తుందని ఇంకోచోట వద్దన్నాడు కూడా. సెలెక్ట్ కాలేదని ఒక్క లైన్ మెయిల్ పంపడానికి కంపెనీలు వాడే దాదాపు ఏ హైరింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా బటన్ ఉంటుంది. ఇంటర్వ్యూ దాకా పిలిచిన ప్రతి ఒక్కరికీ ఆ మెయిల్ వెళ్ళిందా లేదా అన్నది కూడా రిక్రూటర్ల టార్గెట్లలో కలపాలి, క్లోజ్ చేసిన పొజిషన్లు లెక్కపెట్టే మేనేజర్లే ఇదీ లెక్కపెట్టాలి.