కెమెరా ఉంటే సరిపోదు
వీధికి నాలుగు సీసీ కెమెరాలుంటే తిరుపతిలో ఇళ్ల దొంగతనాలు తగ్గుతాయని ఓ వ్యాసంలో రాశారు. అది కెమెరాలు బిగించే తీరు మీద ఉంటుంది. కొర్లగుంట లాంటి ఇరుకు వీధుల్లో వెడల్పుగా చూపించే 2.8 ఎంఎం లెన్సు కెమెరాను 12 అడుగుల ఎత్తున పెడితే పడేది నడినెత్తి, టోపీ. గేటు దగ్గర 7 అడుగుల ఎత్తులో ఇంకొకటి ఉంటేనే మొహం తెలుస్తుంది. వీడియోలు రికార్డయ్యే డీవీఆర్ పెట్టెనేమో హాల్లో టీవీ కిందే పెడతారు, దొంగ దాన్నీ పట్టుకుపోతాడు! నాలుగు 2 మెగాపిక్సెల్ కెమెరాలు ఆగకుండా రికార్డు చేస్తే 1 టీబీ డిస్కు దాదాపు పది పన్నెండు రోజుల్లో నిండి, పాత ఫుటేజీ చెరిగిపోతుంది. ఊరెళ్లేవాళ్లకు తాళం వేసిన ఇళ్లను కనిపెట్టుకునే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది, రిక్వెస్టు పెడితే కదలికల్ని పట్టే కెమెరా ఇంట్లో ఉచితంగా అమరుస్తారు. వ్యాసంలో దాని ఊసే లేదు. కాకపోతే ఫ్యాన్లు ఆపి, కర్టెన్లు ముడేసి వెళ్లాలి, లేదంటే ఉత్తుత్తి అలర్టులు మోగుతుంటాయి.