ప్రళయం తరవాత ఏ ఇంజిన్?

దేశంలో అసలు ప్రశ్నని గాలికొదిలేసి మనం చిల్లర విషయాల మీద కొట్టుకుంటున్నాం. ఇంటి లోను, పొలం గట్టు తగాదా, పిల్లాడి ఎంసెట్ ర్యాంకు ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు తేలతాయి. తేలనిది ఒక్కటే. క్రాస్‌ఔట్‌లో బండికి ఏ ఇంజిన్ బిగించాలి?

ఈ విషయంలో ఇంకా అజ్ఞానంలో ఉన్నవారి కోసం రెండు ముక్కలు. క్రాస్‌ఔట్ రష్యాకి చెందిన టార్గెమ్ గేమ్స్ వాళ్లు చేసిన ఆన్‌లైన్ వీడియో గేమ్. గైజిన్ సంస్థ 2017లో జనం మీదకి వదిలింది. తుప్పు రేకులు, ట్రక్కు టైర్లు ఏరుకొచ్చి మన బండి మనమే కట్టుకోవాలి. దానికి తుపాకులు బిగించాలి. ఎదుటివాడి బండిని ఏ ముక్కకి ఆ ముక్క ఊడగొట్టాలి. కథ ప్రకారం ప్రపంచం నాశనమయ్యే ఏడాది 2027. కాబట్టి చర్చ తొందరగా ముగించడం అందరికీ మంచిది.

షోరూములో మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "లీటరుకి ఎంత ఇస్తుంది?" అనే. ఇక్కడ ఆ మాటే ఎవడూ ఎత్తడు. టన్నేజీ (వేగం తగ్గకుండా బండి మోయగల బరువు) ఎంత పెంచుతుంది, మాస్ లిమిట్ (బండి బరువుకి ఆఖరి హద్దు) ఎక్కడిదాకా పోతుంది, ఎనర్జీ ఎంత తింటుంది అని అడుగుతారు. అవును, తింటుంది. క్యాబిన్, అంటే డ్రైవరు కూర్చునే డబ్బా, ఇచ్చే కాసిన్ని ఎనర్జీ పాయింట్లలోంచే తుపాకులు బతకాలి, అందులోనే ఇంజిన్ గారికీ వాటా ముట్టజెప్పాలి. చాలకపోతే జనరేటర్ తెచ్చుకోవాలి. జనరేటర్‌కి ఒకే ఒక్క దురలవాటు, దెబ్బ గట్టిగా తగిలితే పేలుతుంది, పక్కనున్నవాటిని కూడా వెంట తీసుకుపోతుంది. బండి చురుగ్గా కదలాలన్న ముచ్చటకి బాంబుని సీటు వెనకాల కట్టుకు తిరగాలన్నమాట. దీన్ని డిజైన్ అంటారు.

ఇక ఇంజిన్ రకాల సంగతి. హార్డ్‌కోర్, రేజర్‌బ్యాక్, చీతా, కొలాసస్ అని పేర్లు వింటేనే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చీతా వర్గానికీ కొలాసస్ వర్గానికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇద్దరూ లెక్కలతోనే మాట్లాడతారు, ఇద్దరి లెక్కలూ సరైనవే. ఈలోగా కొత్త అప్‌డేట్ వచ్చి అంకెలన్నీ మారిపోతాయి. నిన్నటిదాకా ఇంటికి పెద్దకొడుకులా చూసుకున్న ఇంజిన్‌ని పొద్దున్నే ఆటలోని మార్కెట్లో అమ్మకానికి పెట్టేస్తారు. అమ్మితే 10 శాతం కమిషన్ కోత. జనం పోయారు, ఊళ్లు పోయాయి, ప్రభుత్వాలు పోయాయి, కమిషన్ మాత్రం బతికి బట్టకట్టింది. రాసినవాళ్లెవరో గానీ మానవజాతి గురించి బాగా తెలిసినవాళ్లు.

మా మేనల్లుడు ఈ శాస్త్రంలో దిట్ట. రాత్రి పదకొండింటికి వెళ్లి "ఏరా, తిన్నావా?" అంటే తల తిప్పకుండా "ఆగు మావయ్యా, కొలాసస్ పెడితే పవర్ స్కోర్ పెరిగిపోతోంది" అన్నాడు. పవర్ స్కోర్ అంటే బండికి బిగించిన భాగాలన్నీ చూసి ఆట వేసే మార్కు. పెరిగితే మంచిదే కదా అని నా అమాయకత్వం. వాడు జాలిగా చూశాడు. స్కోర్ పెరిగితే ఆట మనల్ని అంతకన్నా బలిసినవాళ్ల మధ్యకి తోస్తుందట. మంచి ఇంజిన్ కొనుక్కున్న నేరానికి శిక్ష! అందుకని వాడు ఇంజిన్ పెట్టి, స్కోర్ తగ్గించడానికి కవచం రేకులు పీకి, రేకులు పోయాయి కాబట్టి ఇంత ఇంజిన్ ఎందుకని అదీ పీకి, మళ్లీ మొదటికొచ్చాడు. అన్నం చల్లారిపోయింది.

చివరికి బండి బరిలోకి దిగింది. క్యాబిన్ వెనక ఇంజిన్, దాని చుట్టూ మూడు పొరల రేకు. గర్భగుడిలో మూలవిరాట్టుకి కూడా అంత రక్షణ ఉండదు. బండి దూసుకెళ్లిన మాట నిజం, కళ్లారా చూశాను. మొదటి మలుపులో ఎవడో షాట్‌గన్‌తో ఎడమవైపు చక్రాలు ఊడగొట్టాడు. ఇంజిన్‌కి గీత కూడా పడలేదు. ఆ మహాయంత్రం తన సమస్త శక్తినీ కుడివైపు చక్రాలకి పంపుతుంటే బండి ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది. చాలా వేగంగా, చాలా హుందాగా. తరవాత తుపాకులూ ఊడాయి. వాడు బ్యాక్‌స్పేస్ నొక్కిపట్టి బండిని తనే పేల్చేసుకున్నాడు. ఆటలో అందుకు ఏర్పాటుంది. ఆ మరుక్షణమే గ్యారేజీకి తిరిగొచ్చి "చూశావా, చీతా పెట్టాల్సింది" అన్నాడు.

"ఒరేయ్, ఇంకో నాలుగు చక్రాలు ఎక్కువ పెట్టుకోరాదా?" అని పెద్దవాడిగా సలహా ఇచ్చాను. పెట్టుకోవచ్చట. చక్రం పెరిగితే టన్నేజీ కూడా కొంచెం పెరుగుతుందట. కాకపోతే ప్రతి చక్రం ఇంజిన్ పవర్‌లోంచి కొంత మింగేస్తుంది, ఆ లోటు పూడ్చడానికి ఇంతకన్నా పెద్ద ఇంజిన్ కావాలి. ఏది తీసుకోమంటావు మావయ్యా అని ఇప్పుడు నన్నే అడుగుతున్నాడు.