ఒక్క ముక్కలో చెప్పకూడదు

కమ్యూనికేషన్ స్కిల్స్ లేకపోవడం వల్లే నా జీతం పెరగలేదని పోయిన అప్రైజల్‌లో తేలింది. లోపం ఎక్కడుందో మా మేనేజర్ ఓపిగ్గా వివరించాడు. ఒక కాల్‌లో క్లయింట్ "శుక్రవారానికి అయిపోతుందా?" అని అడిగాడు. "అవదండీ, వచ్చే బుధవారం ఇస్తాం" అన్నాను. అదే నేను చేసిన నేరం. ఆయనకు వెంటనే అర్థమైపోయింది.

"అలా మొహం మీద చెప్పేస్తారా? 'శుక్రవారాన్ని దృష్టిలో పెట్టుకుని ముందుకు వెళ్తున్నాం' అనాలి" అన్నాడు మేనేజర్. మాటిచ్చినట్టే బుధవారం ఇచ్చేశాం కదా సార్ అన్నాను. అది డెలివరీ, ఇది కమ్యూనికేషన్, రెండూ వేరు అన్నాడు. నిజమే, ఎక్సెల్ షీట్‌లో రెంటికీ వేర్వేరు గళ్లున్నాయి.

ఆ విధంగా నన్ను రెండు రోజుల శిక్షణకు పంపారు. బెంగళూరు మారతహళ్లిలో ఇంటి నుంచి వైట్‌ఫీల్డ్‌లోని హోటల్‌కి చేరేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నేను విన్న స్పష్టమైన మాట ఒక్కటే, ఆటో డ్రైవర్‌ది: "మీటర్ మేలె ఐవత్తు కొడి." మీటర్ మీద యాభై. ప్రతిపాదన, బడ్జెట్, షరతులు అన్నీ నాలుగు మాటల్లో అయిపోయాయి. అయినా ఆయన్ని ఎవరూ శిక్షణ ఇవ్వడానికి పిలవరు.

కంపెనీ పిలిచిన ట్రైనర్ కోటు వేసుకుని వచ్చాడు. "క్లుప్తంగా చెప్పండి" అనే స్లైడ్ మీద పదకొండు పాయింట్లు ఉన్నాయి. పదకొండోది చదవాలంటే లేచి ముందు వరుసలోకి వెళ్లాలి. భోజనాలయ్యాక "వినేవాళ్లను గమనిస్తూ మాట్లాడండి" అనే అంశం నడుస్తుండగా సగం మందిమి నిద్రపోయాం. ఆయన గమనించలేదు.

ఒక మంచి కథ మాత్రం చెప్పాడు. 1863 నవంబర్ 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్‌లో, యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానాన్ని అంకితం చేసే సభ జరిగింది. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పేరుమోసిన వక్త రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత అధ్యక్షుడు లింకన్ లేచి రెండు మూడు నిమిషాల్లో ముగించాడు. మొత్తం 270 మాటలు, అటూ ఇటుగా. సందర్భం ఏమిటో మీరు రెండు నిమిషాల్లో పట్టుకున్నంత దగ్గరగా నేను రెండు గంటల్లో వెళ్లగలిగినా సంతోషించేవాణ్ణి అని ఎవరెట్ మర్నాడే లింకన్‌కి ఉత్తరం రాశాడు. ఈ కథ చెప్పడానికి మా ట్రైనర్‌కి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. నాకు ఎవరెట్ మీద జాలేసింది. మా ఆఫీసులో పుట్టాల్సినవాడు. ఈపాటికి వైస్ ప్రెసిడెంట్ అయ్యుండేవాడు. లింకన్‌కి మాత్రం నాకొచ్చిన రేటింగే వచ్చేది.

అదే 1863లో, ఆగస్టు 29న, మన గిడుగు రామమూర్తి గారు పుట్టారు. మాట్లాడే భాషలోనే రాయాలని పంతులుగారు జీవితమంతా పోట్లాడారు. మేం ఆయన్ని దాటి ముందుకు వెళ్లిపోయాం. మెయిల్ ఎలా రాస్తామో అలాగే మాట్లాడుతున్నాం. మొన్న మా పక్క ఫ్లాటాయన వాళ్లావిడతో "కూర విషయం సాయంత్రం అలైన్ అవుదాం" అనడం గోడలోంచి స్వయంగా విన్నాను.

పవర్‌పాయింట్ 1987లో వచ్చింది. అంతకుముందు జనం ఏం చెప్పాలో తెలుసుకున్నాక గానీ నోరు తెరవలేకపోయేవారు కాబోలు, ఎన్ని అవస్థలు పడ్డారో. అమెజాన్ అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ 2004లో తన పై అధికారుల మీటింగుల్లో దాన్ని వద్దన్నాడు. చెప్పదలుచుకున్నది ఆరు పేజీల్లోపు పూర్తి వాక్యాల్లో రాసి తెస్తే, ముందు అందరూ కూర్చుని నోరు మూసుకుని చదవాలి. ఇలాంటి మొరటు పద్ధతులు మా ఆఫీసు దాకా రాకపోవడం మా అదృష్టం. ఆరు పేజీలు రాయాలంటే ఆరు పేజీల విషయం ఉండాలి. స్లైడుకి ఆ ఇబ్బంది లేదు, బాణం గుర్తు పెడితే చాలు.

ఆ మాటకొస్తే ఈ విద్యలో తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోం. చిన్నప్పుడు మనలో ఎవరమైనా "గ్లాసు పగలగొట్టాను" అన్నామా? "గ్లాసు పగిలిపోయింది" అన్నాం. దానంతటదే. ఇప్పుడు సర్వర్ పడిపోయింది, ఫైలు డిలీట్ అయింది, మెయిల్ మిస్సయింది. మధ్యలో మనిషన్నవాడు ఎక్కడా కనపడడు. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి కర్త ఎవరో తేల్చేది. ఆఫీసులో ఆ పని చేయడానికి కమిటీ వేస్తారు. అది ఎవరూ తేలకుండా చూస్తుంది.

మా టీంలో తొమ్మిది మందిమి, అందులో ఏడుగురం తెలుగువాళ్లం. రోజూ గంటసేపు ఇంగ్లీషులో మీటింగ్. సినర్జీ అంటాం, ఎండ్ టు ఎండ్ అంటాం, అందరం తలలూపుతాం. అయ్యాక కిందికి దిగి టీ కొట్టు దగ్గర నిలబడతాం. కడప కుర్రాడు "అన్నా, ఇంతకీ మనల్ని ఏం చేయమన్నాడు?" అని అడుగుతాడు. గుంటూరాయన టీ ఊదుకుంటూ "ఏం లేదబ్బా, పాతదే ఉంచి బటన్ రంగు మార్చమన్నాడు" అంటాడు. గ్లాసులో టీ సగం కూడా అవదు, అందరికీ పని తెలిసిపోతుంది. ఆ టీ డబ్బులు మాత్రం మేమే పెట్టుకోవాలి. మీటింగుకైతే కంపెనీ బిస్కెట్లు కూడా ఇస్తుంది.

శిక్షణ వృథా పోలేదు. మూడు నెలల్లో నేను చెప్పేది ఎవరికీ అర్థం కాని స్థాయికి వచ్చాను. మొన్న ఒక కాల్‌లో పద్దెనిమిది నిమిషాలు మాట్లాడితే క్లయింట్ "వెరీ క్లియర్" అన్నాడు. దేని గురించి మాట్లాడానో రికార్డింగ్ రెండుసార్లు విన్నా నాకే తెలియలేదు. మేనేజర్ భుజం తట్టాడు. ఈసారి ఆ గడిలో పచ్చరంగు ఖాయమట.

ఆ ఉత్సాహంలో ఉండగానే ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"సంక్రాంతికి వస్తున్నావా నాన్నా?"

"సంక్రాంతిని దృష్టిలో పెట్టుకునే ముందుకు వెళ్తున్నానమ్మా. బస్సు టికెట్లూ, సెలవులూ ఒకసారి చూసుకుని, వారం చివర్లో నీకు అప్‌డేట్ ఇస్తాను."

అవతల కాసేపు మాట లేదు. వంటింట్లో కుక్కర్ కూత వినపడింది.

"రానని చెప్పరా. కనుమకి మాంసం కిలో తగ్గించి చెప్తాను."