అబ్జర్వేషన్‌లో ఉన్న డైరెక్టరు గారు

మన హైదరాబాద్‌లో నేరాల కేసుల్లో చిక్కుకున్న పిల్లల్ని బాగుచేసే శాఖ ఒకటుందనుకోండి. దానికి మొన్న బుధవారం కొత్త డైరెక్టరు గారు వచ్చారనుకోండి. పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా రాహుకాలం కాబట్టి పదకొండు యాభైకే ఛార్జ్ తీసుకున్నారు. బొకేలు, శాలువాలు వద్దు, పిల్లలకు నోటుపుస్తకాలు తెండి అని ముందు రోజే వాట్సాప్‌లో చెప్పించారు. అందరూ తెచ్చారు. సాయంత్రానికల్లా వాటిని లెక్కపెట్టి, స్టాకు రిజిస్టర్లో ఎక్కించి, స్టోర్ రూముకు తాళం వేశారు. పెన్నులు తెమ్మని చెప్పడం మరిచిపోయారు. అది వచ్చే డైరెక్టరు గారు చూసుకుంటారు.

సచివాలయం కారిడార్లలో ఇలాంటి పోస్టును లూప్‌లైన్ అంటారు. ఇక్కడికి ఎవరూ కోరుకుని రారు, పైన ఎవరికో కోపమొస్తే వస్తారు. కాబట్టి నాయకత్వ సమస్యల గురించి మాట్లాడే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ప్రాంగణంలో శిక్ష అనుభవిస్తున్నది మొదట డైరెక్టరు గారే. పైగా ఆయనది పూర్తి పోస్టు కూడా కాదు, అదనపు బాధ్యత. సొంత శాఖ ఒకటి, ఏదో కార్పొరేషన్ ఒకటి, ఆ రెండూ పోను మిగిలిన తీరికలో ఇది. లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర కారు ఆగిన ఇరవై నిమిషాలే సంస్కరణలకు దొరికే సమయం. వాన పడ్డ రోజున సంస్కరణలు కాస్త ఎక్కువగా సాగుతాయి.

అసలు సంస్కరణ జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1986 నాటి జువైనల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టంలో ఈ పిల్లల్ని ఇంచుమించు అపరాధి బాలలు అన్నారు. 2000లో చట్టం మార్చి, చట్టంతో ఘర్షణపడిన జువైనల్ అన్నారు. 2015లో మళ్లీ మార్చి, జువైనల్ తీసేసి బాలలు అని పెట్టారు. మాట మారాలన్నది మంచి ఆలోచనే, నింద మోపే మాటలు వాడొద్దని ఆ చట్టమే చెబుతోంది. కానీ ఈ ముప్పై ఏళ్లలో ఎక్కువగా బాగుపడింది బోర్డులు రాసే పెయింటరని నా అనుమానం. ఈ పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోం గేటు దగ్గరికెళ్లి బోర్డును పక్కనుంచి చూడండి. కొత్త నీలం రంగు పెచ్చు లేచిన చోట పాత ఆకుపచ్చ, దాని కింద ఇంకా పాత పసుపు, అందులో సగం 'జు' కనిపిస్తాయి. లోపల గార్డు మాత్రం ఈ మూడు చట్టాలనూ ఒకే మాటతో సరిపెడుతున్నాడు. "అరేయ్, ఇటు రా!"

ఈమధ్య ఆ 2015 చట్టం తిరగేస్తుంటే నాకొక సంగతి తట్టింది. పిల్లల సంగతి సరే, దీన్ని డైరెక్టర్లకు వర్తింపజేస్తే ఎలా ఉంటుంది? చూడబోతే ఇప్పటికే వర్తిస్తున్నట్టుంది. పట్టుకున్న పిల్లవాణ్ని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా ఈ కేసులు విచారించే బాలల న్యాయ బోర్డు ముందు హాజరుపరచాలి. కొత్త డైరెక్టరు గారిని మంత్రిగారి ముందు హాజరుపరచడానికి కూడా అంతే గడువు, మన ట్రాఫిక్‌లో ఆ ప్రయాణ సమయం మినహాయింపు ఎంత దొడ్డదో వేరే చెప్పక్కర్లేదు. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, కారణం రాసి మరో రెండు నెలలు పెంచొచ్చు. మన సార్ల పదవీకాలమూ అటూ ఇటూగా అంతే. ఆ పొడిగింపు తర్వాత కూడా చిన్న నేరాల విచారణ తేలకపోతే కేసు ముగిసిపోతుంది. సంస్కరణ తేలకపోతే బదిలీ అవుతుంది. బెయిలంటే బయటికెళ్లడం, బదిలీ అన్నా అదే. పిల్లవాడి భవిష్యత్తుకు మచ్చ మిగలకుండా, ఘోర నేరాల వంటి మినహాయింపులు పోను, శిక్ష తాలూకు రికార్డును గడువు తర్వాత ధ్వంసం చేయాలంది చట్టం. డైరెక్టరు గారి విషయంలో ధ్వంసం చేసే శ్రమ కూడా లేదు, రికార్డంటూ ఉంటే కదా.

లేనిదొక్కటే. ప్రతి పిల్లవాడికీ ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి. చదువేమిటి, ఆరోగ్యమేమిటి, బయటికెళ్లాక ఏం చేస్తాడు అని. డైరెక్టరు గారికి కూడా అలాంటిదొకటి రాసి, కనీసం రెండేళ్లు కదలకుండా కూర్చోబెట్టాలని నా మనవి. పారిపోకుండా ప్రహరీ ఎలాగూ ఉంది.

ప్రహరీ అంటే గుర్తొచ్చింది. ఇలాంటి చోట్ల పిల్లలు రాత్రిపూట గోడ దూకినప్పుడే శాఖకు నాయకత్వం గుర్తొస్తుంది. టీవీలో స్క్రోలింగ్ రాగానే కమిటీ వేస్తారు. ఎలా పారిపోయారన్నది కమిటీ పరిధి. ఎందుకు పారిపోయారన్నది పరిధిలో లేదు, దానికి ఇంకో కమిటీ కావాలి. సిఫార్సులు ముందే టైపు చేసి ఉంటాయి. గోడ రెండడుగులు పెంచాలి, పైన ముళ్లకంచె వేయాలి, సీసీ కెమెరాలు పెట్టాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఔట్‌సోర్సింగ్ గార్డును ఏజెన్సీకి తిప్పి పంపాలి. నలుగురు చేయాల్సిన పని ఒక్కడే చేస్తున్నాడని, మూణ్నెల్లుగా జీతం లేదని అతను చెప్పుకున్నది అనుబంధం పేజీల్లో ఉంటుంది. ప్రారంభోత్సవానికి గోడ పనికొస్తుంది, జీతం పనికిరాదు. జీతానికి రిబ్బనెక్కడ కడతాం? నన్నడిగితే ఈ శాఖ సంస్కరణంతా ఆ అనుబంధంలోనే ఉంది, కానీ నన్నెవరూ అడగలేదు.

ఖాళీల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. చట్టం సరిగా అమలు కావడం లేదని సామాజిక కార్యకర్త సంపూర్ణా బెహూరా 2005లో పిటిషన్ వేశారు. ఖాళీ పోస్టులు నింపండి అని చెబుతూ 2018 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. పిటిషన్ వేసిన రోజున ఆరేళ్ల పిల్లవాడు తీర్పొచ్చేసరికి పద్దెనిమిది నిండి, ఈ చట్టం పరిధి దాటి, ఓటరు కార్డుకు దరఖాస్తు పెట్టుకునే వయసుకొచ్చేశాడు. వ్యవస్థ ఏమీ చేయకపోయినా పిల్లలు పెద్దవాళ్లవుతారన్న భరోసా మీదే మనం నడుస్తున్నాం.

ఇక మన సారు. రెండో వారంలో తనిఖీకి వెళ్లారు. ఆయనకు చదివే అలవాటుంది, ఈ పోస్టులో అది కాస్త ప్రమాదం. ఆ చట్టం కింద చేసిన నమూనా నిబంధనల ప్రకారం పిల్లల సలహాల పెట్టె ఉండాలి కదా, ఏదీ అన్నారు. ఆఫీసుకు దూరంగా, పిల్లలు పడుకునే గదులకు దగ్గరగా ఉండాలన్నది నిబంధన. ఉంది. వారానికోసారి పిల్లల కమిటీ ఎదుట తెరవాలి, తాళంచెవి నిర్వహణ కమిటీ చైర్‌పర్సన్ దగ్గర ఉండాలి. దాన్నీ పాటించారు. ఎటొచ్చీ ఆ చైర్‌పర్సన్ బదిలీ అవుతూ చెవిని కూడా పట్టుకెళ్లారు.

సూపరింటెండెంటు ఒక గుత్తి తెప్పించారు. ఏదీ పట్టలేదు. ముగ్గురు డైరెక్టర్లకు టీ అందించిన అటెండర్ గొంతు సవరించుకున్నాడు.

"పగలగొట్టాలె సార్. కానీ గవర్నమెంటు ప్రాపర్టీ. ఆర్డరు గావాలె."

వరసలో నిలబడ్డ ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. "నేను తీస్తా సార్." ఎవరూ అవునూ కాదూ అనలేదు. వాడు చొక్కా పిన్నీసు తీసి, వంచి, తాళంలో పెట్టి రెండుసార్లు తిప్పాడు. టక్కుమంది. సూపరింటెండెంటు కిటికీలోంచి వేపచెట్టును చూస్తూ ఉండిపోయారు.

పెట్టెలో బల్లిగుడ్ల పెంకులు, ఒక చాక్లెట్ కాగితం, నాలుగు మడతల చీటీ ఒకటి ఉన్నాయి. చీటీ మీద తేదీ లేదు, పేరు లేదు. "బాత్రూంలో రాత్రి లైటు వెలగట్లేదు. చిన్నోళ్లు భయపడుతున్నరు."

డైరెక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివి, బాత్రూం దాకా నడిచి, స్విచ్ నొక్కి చూశారు. వెలగలేదు. వెనక్కొచ్చి ఏదో అనబోతుంటే ఫోన్ మోగింది, కార్పొరేషన్‌లో మీటింగ్. కారెక్కుతూ, జరిగినదంతా ఫైల్లో పెట్టి పంపమన్నారు. పెట్టారు. గురువారం ఆయన సంతకంతో ఉత్తర్వు తిరిగొచ్చింది.

"సదరు సలహాల పెట్టెకు భద్రత కొరవడినట్లు తనిఖీలో వెల్లడైనందున, మరింత పటిష్ఠమైన తాళం అమర్చుటకు తక్షణమే అంచనాలు సమర్పించవలెను."